చేరిన రోజే ఏర్పాటు జరగాలి: దివ్యాంగ విద్యార్థుల చదువు, పరీక్షల వెసులుబాట్లపై అచ్యుతాపురం సభ తీర్మానం

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో సమావేశమైన దివ్యాంగ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, డిగ్రీ కళాశాలల అధ్యాపకులు, ప్రత్యేక ఉపాధ్యాయులు, ఈ ప్రాంతపు పరిశ్రమల్లో పనిచేస్తూ దూరవిద్యలో చదువుకుంటున్న కార్మికులు కలిసి చర్చించి ఆమోదించిన తీర్మానం ఇది.

ఈ సభ ఎందుకు కూడవలసి వచ్చిందో ముందుగా నమోదు చేస్తున్నాం. అచ్యుతాపురం, రాంబిల్లి, మునగపాక, పరవాడ మండలాల్లో ఇంటర్ దాటిన పిల్లలు డిగ్రీకి అనకాపల్లి, ఎలమంచిలి, గాజువాక వెళ్తారు. పీజీకి విశాఖపట్నం వెళ్తారు. చూపు లేని అమ్మాయి, వినపడని అబ్బాయి, సెరిబ్రల్ పాల్సీ వల్లనో ప్రమాదం వల్లనో కాళ్లూ చేతులూ సహకరించని పిల్లలు కూడా ఇవే బస్సులెక్కి ఇవే కళాశాలలకు వెళ్తున్నారు. వాళ్లకు సీటు దొరుకుతోంది. సీటు దొరికాక పాఠం ఎలా అందుతుంది, పరీక్ష ఎలా రాస్తారు అన్నది మాత్రం ఎవరి పనీ కాకుండా మిగిలిపోతోంది. పరీక్షలు దగ్గర పడ్డాక కన్నవాళ్లు సర్టిఫికెట్ల కట్ట పట్టుకుని ఒక గది నుంచి ఇంకో గదికి తిరుగుతున్నారు. ఆ రోజు కుర్చీలో ఉన్న మనిషి మంచివాడైతే పని జరుగుతోంది, లేకపోతే లేదు. తరువాతి సెమిస్టర్‌లో మళ్లీ మొదటి నుంచి అదే తిరుగుడు. ఈ తిరుగుడు ఆగాలని, విద్యార్థి కళాశాలలో చేరిన రోజే అతనికి కావలసిన ఏర్పాటు రాతపూర్వకంగా ఖరారు కావాలని, అది చదువు ముగిసేదాకా అతని వెంట ఉండాలని ఈ సభ కోరుతోంది. తక్కినవన్నీ దీనికి అనుబంధాలే.

దీనికి ఆధారం మా జాలి కాదు, ఎవరి దయా కాదు. 2016 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే ఇది 21 రకాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకుండా సీట్లు, గరిష్ఠ వయసులో అయిదేళ్ల సడలింపు ఇవ్వాలని 32వ సెక్షన్ చెబుతోంది. అయితే ఈ సభ దృష్టిలో అంతకంటే విలువైనవి 16, 17 సెక్షన్లు. ఒక్కొక్క విద్యార్థి అవసరాన్ని బట్టి వెసులుబాటు కల్పించాలని, పాఠ్య ప్రణాళికలోనూ పరీక్షల విధానంలోనూ తగిన మార్పులు చేయాలని, అదనపు సమయం, చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటివి ఇవ్వాలని వాటిలో ఉంది. ఇంకా ముఖ్యమైన మాట నిర్వచనాల్లోనే ఉంది: తగిన వెసులుబాటు నిరాకరించడం కూడా వివక్ష కిందికే వస్తుంది. కాబట్టి "మా దగ్గర ఆ సౌకర్యం లేదమ్మా" అని మెత్తగా చెప్పి పంపేసినా చట్టం దృష్టిలో అది వివక్షే.

అదే చట్టంలో ఒక లోటును కూడా ఈ సభ గుర్తించింది. పుస్తకాలు, పాఠ్యసామగ్రి, సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన 18 ఏళ్ల వయసు వరకే. డిగ్రీ మొదటి సంవత్సరం సగంలోకి వచ్చేసరికి ఎక్కువమందికి ఆ వయసు దాటిపోతుంది. బడిలో బ్రెయిలీ పుస్తకం, రిసోర్సు టీచరు, తోటివాళ్ల చేయూత ఉన్న పిల్ల డిగ్రీలో అడుగు పెట్టేసరికి ఒంటరిదైపోతోంది. సరిగ్గా ఇక్కడే చదువులు ఆగిపోతున్నాయి.

న్యాయస్థానాలు ఈ విషయంలో ఎంత దూరం వచ్చాయో కళాశాలల్లో చాలామందికి తెలియదు. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే రుగ్మత ఉన్న ఒక అభ్యర్థికి, 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో సివిల్స్ పరీక్షలో స్క్రైబ్ ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టివేసింది. 40 శాతం అన్నది రిజర్వేషన్ వంటి వాటికి కొలత కావచ్చు గానీ వెసులుబాటు పొందే హక్కుకు కొలత కాదని తేల్చింది. ఆ తీర్పు ఫలితంగానే 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉండి రాయడానికి ఇబ్బందిపడేవారి కోసం 2022 ఆగస్టు 10న కేంద్రం వేరుగా మార్గదర్శకాలు ఇచ్చింది. అదే 2021 నవంబరులో అవనీ ప్రకాశ్ కేసు వచ్చింది. నీట్‌లో రావలసిన అదనపు గంటను ఆ అమ్మాయికి ఇవ్వకుండానే పరీక్షా కేంద్రంలో పేపరు లాక్కున్నారు. నిబంధన పుస్తకంలో ఉంటే చాలదని, పరీక్షా కేంద్రంలో కూర్చున్న సిబ్బందికి తెలిసి ఉండాలని ఆ కేసు మనకు నేర్పింది. 2025 ఫిబ్రవరి 3న గుల్షన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ వెసులుబాట్లు దివ్యాంగ అభ్యర్థులందరికీ వర్తించాలని మరోసారి స్పష్టం చేసింది.

మన తెలుగునాట జరిగినదాన్ని కూడా ఇక్కడ తలుచుకోవాలి. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ చూపు లేకుండానే పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కి, ఇంటర్‌లో సైన్స్ గ్రూపు చదువుతానంటే కుదరదన్నారు. కోర్టుకెళ్లి గెలుచుకున్నాకే ఆయన ఆ తరగతిలో కూర్చోగలిగారు. తరువాత అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి ఎందరికో ఉపాధి చూపారు. ఆయన గెలుపును మేం మనసారా గౌరవిస్తున్నాం. కానీ ఒక సీటు కోసం కోర్టు మెట్లు ఎక్కగలిగే శక్తి పూడిమడక మత్స్యకారుడి కూతురికీ మునగపాక కౌలురైతు కొడుకుకీ ఎక్కడి నుంచి వస్తుంది? ఒకరు పోరాడి సాధించినది తరువాతివాళ్లకు అడక్కుండానే అందాలి. అలా అందనంత కాలం ఆ పోరాటం పూర్తి కానట్టే.

స్క్రైబ్ గురించి ఈ సభలో అన్నిటికంటే ఎక్కువసేపు చర్చ జరిగింది. 2018 ఆగస్టు 29న కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత మంత్రిత్వ శాఖ విడుదల చేసిన మార్గదర్శకాల్లో గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని ఉంది. మూడు గంటల పేపరుకు అది మరో గంట. స్క్రైబ్‌ను తానే తెచ్చుకోవడమా, సంస్థను అడగడమా అన్నది విద్యార్థి ఇష్టం. సంస్థ ఇస్తే రెండు రోజుల ముందే ఇద్దరినీ కలిపి, పనికొస్తాడో లేదో విద్యార్థి చూసుకునే వీలు కల్పించాలి. సొంత స్క్రైబ్ అయితే అభ్యర్థి కంటే ఒక మెట్టు తక్కువ చదివినవాడై ఉండాలి. వీలైనంతవరకు పరీక్ష గది నేల అంతస్తులో ఉండాలి. చూసి రాయవలసిన పటాలు, బొమ్మల ప్రశ్నలకు బదులు చూపు లేనివారికి వేరే ప్రశ్న ఇవ్వాలి.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్నది మా పిల్లల దాకా వచ్చేసరికి ఎలా మారుతోందో సభలో ఒకరి తరువాత ఒకరు చెప్పారు. డిగ్రీ పరీక్షకు స్క్రైబ్ కావాలంటే ఇంటర్ చదివే పిల్లవాణ్ని వెతకాలి. వాడికి తన పరీక్షలైనా ఎంట్రన్సు కోచింగైనా అడ్డం వస్తుంది. బతిమాలి ఒకణ్ని ఒప్పిస్తే, వాడు చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగు మీడియం అమ్మాయి ఎకనామిక్స్ పేపరులో "ద్రవ్యోల్బణం" అని చెప్పి, ఎక్కడ ఏ వత్తు వస్తుందో విడమరిచి చెబుతూ పోతే ఒక్క జవాబుకే అరగంట కరిగిపోతుంది. కామర్స్ పేపరులో లెడ్జరు గళ్లు ఎన్నడూ గీయని ఎంపీసీ పిల్లవాడు డెబిట్ వైపు రాయవలసిన అంకెను క్రెడిట్ వైపు రాస్తాడు. చెప్పినది సరే, రాసినది తప్పు. మార్కులు పోయేది చెప్పిన పిల్లకే. ఇక అదనపు గంట సంగతి. మిగతావాళ్ల పేపర్లు అయిపోయిన గంట మోగగానే అదే గదిలో జవాబుపత్రాలు లెక్కపెట్టి కట్టలు కట్టే పని మొదలవుతుంది. బల్లలు జరుపుతారు, ఫ్యాన్లు ఆపేస్తారు, ఇన్విజిలేటర్ గడియారం చూసుకుంటారు. ఆ ఒత్తిడికి విద్యార్థే "అయిపోయింది సార్" అని లేచి వచ్చేస్తుంది. రికార్డులో మాత్రం అదనపు సమయం ఇచ్చినట్టే ఉంటుంది. ఇది ఒక కళాశాలలో జరిగిన ముచ్చట కాదు గనుక ఏ కళాశాల పేరూ ఈ తీర్మానంలో రాయడం లేదు.

రెండో పెద్ద అడ్డంకి బయటివాళ్లకు కనపడదు. తెలుగు పాఠ్యపుస్తకాలు, గైడ్లు, అధ్యాపకుల నోట్సు చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కంపోజ్ అవుతాయి. అవి యూనికోడ్ కాదు. కంటికి "భారత రాజ్యాంగం" అని చక్కగా కనిపించే పేజీ వెనక కంప్యూటరుకు తెలిసేవి వేరే అక్షరాలు, గుర్తులు. చూపు లేని విద్యార్థి అదే పీడీఎఫ్‌ను ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల మోత వినిపిస్తుంది. కళాశాల వాట్సాప్ గ్రూపులో పెట్టే బోర్డు ఫొటోలు, చేతిరాత నోట్సు స్కాన్లు అయితే ఆ మోత కూడా ఉండదు, మౌనమే. ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగు చదువుతుంది, మామూలు కంప్యూటరులో పనిచేస్తుంది. కావలసిందల్లా చదవగలిగే ఫైలు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక వత్తులు, అంకెలు ఒకసారి సరిచూడటానికి ఒక మనిషి కావాలి, అంతే. కాపీరైటు భయం కూడా అక్కర్లేదు. చదవలేనివారికి చదవగలిగే రూపంలో పుస్తకం తయారుచేసి ఇవ్వడానికి 2012 సవరణతో మన కాపీరైటు చట్టమే అనుమతించింది. ఇదే ఉద్దేశంతో కుదిరిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అన్ని దేశాలకంటే ముందు ధ్రువీకరించిన దేశం మనదే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయమూ ఉంది. అందులో మన డిగ్రీ తెలుగు పుస్తకాలు నిండాలి.

వినికిడి లోపమున్నవారి కష్టం వేరు. సైగభాషలో ఇంటర్ దాకా చదివి వచ్చిన పిల్లవాడు మామూలు డిగ్రీ తరగతిలో లెక్చరర్ పెదవుల వంక చూస్తూ కూర్చుంటాడు. ఆయన బోర్డు వైపు తిరిగితే అదీ పోతుంది. చదవడంలో, రాయడంలో అభ్యసన లోపం ఉన్నవాళ్లు ఇంకా మరుగున ఉన్నారు. గుణింతాలు, వత్తులు తారుమారు చేసే పిల్లవాణ్ని మొద్దు అనేసి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. చట్టంలో అది కూడా ఒక వైకల్యమే, దానికీ అదనపు సమయం ఉంది. మన్యం నుంచి విశాఖ హాస్టళ్లకు వచ్చి చదివే పిల్లల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉన్నవాళ్లు నొప్పులు వచ్చినప్పుడు రోజుల తరబడి మంచం దిగలేరు. ఆసుపత్రిలో ఉన్న రోజులకు హాజరు పడక పరీక్ష ఫీజు కట్టనివ్వకపోతే వాళ్ల సంవత్సరం పోతుంది. మానసిక అనారోగ్యంతో మందులు వాడుతూ చదువుకునేవాళ్లు ఆ మాట బయటపెట్టడానికే భయపడతారు. తరగతిలో తెలిస్తే బతకనివ్వరని ఒక తల్లి ఈ సభలో అన్న మాటను మేం మరిచిపోలేం.

అచ్యుతాపురానికి సంబంధించిన ఒక ప్రత్యేక విషయాన్ని కూడా నమోదు చేస్తున్నాం. ఇది ప్రత్యేక ఆర్థిక మండలి (సెజ్) ఉన్న ప్రాంతం. మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు, వేలాదిమంది ఆడపిల్లలు పనిచేసే బ్రాండిక్స్ వస్త్ర పరిశ్రమ ఇక్కడే ఉన్నాయి. 2024 ఆగస్టు 21న ఎసెన్షియా ఫార్మా కంపెనీలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు, ఎందరో గాయపడ్డారు. ప్రమాదాల్లో చేతులు, చూపు, వినికిడి పోగొట్టుకునేవారిలో చదువు మధ్యలో ఉన్న యువకులు ఉంటారు. షిఫ్టు పని చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్లు ఉంటారు. వైకల్యం పుట్టుకతోనే రావాలని లేదు, అడ్మిషన్ ఫారం నింపిన మరుసటి ఏడాదీ రావచ్చు. అప్పుడు పాత అడ్మిషన్ కాగితాలు చూపించి నువ్వు ఆ కోటాలో చేరలేదు కదా అనడం అన్యాయం. 1972లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయ దూరవిద్యా విభాగంలో గానీ, మరే సార్వత్రిక విశ్వవిద్యాలయంలో గానీ చదివే మా కార్మికులకు కూడా రెగ్యులర్ విద్యార్థులతో సమానంగా ఈ హక్కులన్నీ వర్తించాలి.

పై విషయాలన్నిటినీ పరిశీలించిన మీదట ఈ సభ ఈ కింది విధంగా తీర్మానిస్తోంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని, దాని అనుబంధ కళాశాలలను, ఈ ప్రాంతంలోని ఇతర విశ్వవిద్యాలయాలను ఈ సభ మొట్టమొదటగా కోరేది ఒక్కటే: ప్రవేశం పొందిన రోజే ప్రతి దివ్యాంగ విద్యార్థితో బాధ్యుడైన ఒక అధ్యాపకుడు కూర్చుని మాట్లాడి, అతనికి ఏమేమి కావాలో రాసి, సంతకం చేసి, ప్రతిని విద్యార్థి చేతికి ఇవ్వాలి. ఆ పత్రంలో పాఠం సంగతి, ప్రయోగశాల సంగతి, ఇంటర్నల్ పరీక్షల సంగతి, సెమిస్టర్ పరీక్షల సంగతి అన్నీ ఉండాలి. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం దాన్ని హాల్ టికెట్ నంబరుతో కలిపి నమోదు చేసుకోవాలి. అలా చేస్తే అదనపు సమయం, స్క్రైబ్ వివరాలు హాల్ టికెట్ మీదనే అచ్చవుతాయి. పరీక్షా కేంద్రంలో చీఫ్ సూపరింటెండెంట్‌ను బతిమాలుకునే పని ఉండదు. ప్రతి సెమిస్టర్‌కూ కొత్త సర్టిఫికెట్ అడగకూడదు. మారని వైకల్యానికి, దాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్టో యూడీఐడీ కార్డో ఒక్కసారి చూపితే చాలు. అధ్యాపకులకు వెళ్లే కాగితంలో ఏం చేయాలో మాత్రమే ఉండాలి, జబ్బు పేరు ఉండకూడదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదివే మన తెలుగు పిల్లలు అక్కడ ఈ పని చూసే కార్యాలయాలను రోజూ చూస్తున్నారు. అక్కడ కూడా ఇది ఊరికే రాలేదు. పోలియోతో మెడ కింద దాదాపు కదలిక లేని ఎడ్ రాబర్ట్స్ 1962లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఉండటానికి వసతి లేక క్యాంపస్ ఆసుపత్రిలో చోటిచ్చారు. 1970లో అక్కడి దివ్యాంగ విద్యార్థులే తమ సేవా కేంద్రాన్ని మొదలుపెట్టించారు. 1926లో పుట్టి నూరేళ్ల చరిత్ర సంతరించుకున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం మన ప్రాంతంలో ఈ పనికి ముందు నిలవాలని, ఇప్పటికే అమలవుతున్న మంచి పద్ధతులను అనుబంధ కళాశాలలన్నిటికీ ఉత్తర్వుగా పంపాలని కోరుతున్నాం.

స్క్రైబ్‌ల జాబితాను విశ్వవిద్యాలయమే తయారుచేయాలి. ఎవరు తెలుగులో రాయగలరు, ఎవరు లెక్కలు, ఎకౌంట్సు రాయగలరు అన్నది జాబితాలో ఉండాలి. స్క్రైబ్‌కు దారి ఖర్చులు, గౌరవ వేతనం పరీక్షల నిధి నుంచి రావాలి. నెలకు వచ్చే రూ.6,000 దివ్యాంగ పింఛనులోంచి ఇంకొకరి ఆటో చార్జీలు, టిఫిను ఖర్చు పెట్టుకుని పరీక్ష రాయవలసిన గతి ఏ విద్యార్థికీ పట్టకూడదు. అదనపు సమయం తీసుకునేవారికి మొదటి నిమిషం నుంచీ వేరే గది, వేరే ఇన్విజిలేటర్ ఉండాలి. ఆ గది కచ్చితంగా నేల అంతస్తులో ఉండాలి. కంప్యూటరు మీద తానే టైపు చేసి రాయగలిగిన విద్యార్థికి ఆ అవకాశం ఇవ్వాలి. నిజానికి అదే అన్నిటికంటే మంచి మార్గమని, స్క్రైబ్ అవసరమే తగ్గిపోతుందని మా అభిప్రాయం.

సొంత స్క్రైబ్‌ను అనుమతించాలా, సంస్థ ఇచ్చినవారినే ఒప్పుకోవాలా అన్న విషయంలో సభలో భేదాభిప్రాయాలు వచ్చాయి. అక్రమాలు జరుగుతున్నాయని, అర్హతకు మించి చదివినవాళ్లను కూర్చోబెడుతున్నారని కొందరు అధ్యాపకులు చెప్పారు. దాన్ని మేం దాచిపెట్టదలచుకోలేదు. పోటీ పరీక్షల విషయంలో 2025 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాలు కూడా స్క్రైబ్‌ను పరీక్షా సంస్థే సమకూర్చే పద్ధతి వైపు మొగ్గాయి. అయితే ఏళ్లుగా తన మాట తీరుకు అలవాటుపడిన మనిషిని లాగేసుకుని, ముక్కూ మొహం తెలియనివాణ్ని ఇస్తే నోరు పెగలదని చూపు లేని విద్యార్థులు చెప్పినదాంట్లో న్యాయముంది. నమ్మదగిన జాబితా నిజంగా సిద్ధమై, కనీసం రెండు సెమిస్టర్లు సవ్యంగా నడిచేదాకా సొంత స్క్రైబ్ హక్కు ఉండాల్సిందేనని సభ నిర్ణయించింది. అక్రమాలకు విరుగుడుగా విద్యార్థి చెప్పేదాన్ని ఆడియో రికార్డు చేసి భద్రపరచాలి. స్క్రైబ్ తప్పు రాసినప్పుడు విద్యార్థికీ అదే సాక్ష్యమవుతుంది.

వెసులుబాట్లు ఇస్తే డిగ్రీ విలువ తగ్గుతుందన్న సందేహాన్ని కూడా సభలోనే లేవనెత్తారు. సిలబస్ అదే, పేపరు స్థాయి అదే, పాసు మార్కులు అవే. మారేది జవాబు కాగితం మీదికి చేరే దారి మాత్రమే. ఈ సందేహం నిజాయితీగా అడిగినవారికి మా సమాధానం ఇదే.

పాఠ్యసామగ్రి విషయంలో తెలుగు-సంస్కృత అకాడమీని, విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా మండళ్లను, ప్రచురణకర్తలను కోరేదేమంటే, డిగ్రీ తెలుగు మాధ్యమ పుస్తకం అచ్చుకు వెళ్లే రోజునే దాని యూనికోడ్ ఫైలును కూడా కళాశాల గ్రంథాలయాలకు అందించాలి. పాత పుస్తకాలను సంవత్సరానికి కొన్ని చొప్పున మార్చుకుంటూ రావాలి. అధ్యాపకులు వాట్సాప్‌లో ఫొటో పెట్టేటప్పుడు అదే పాఠాన్ని నాలుగు మాటల్లో టైపు చేసో, గొంతుతో చెప్పో పెట్టాలి. దీనికి నిధులూ ఉత్తర్వులూ అక్కర్లేదు, రేపటి నుంచే చేయవచ్చు.

వినికిడి లోపమున్న విద్యార్థులు ఉన్న తరగతులకు సైగభాషా దుబాసీని నియమించాలి. మనిషి దొరికేలోగా పాఠం మాటలు తెరమీద అక్షరాలుగా కనపడే ఏర్పాటు చేయాలి. వ్యాసరూప ప్రశ్నలకు బదులుగా వారికి లఘు ప్రశ్నలు ఇచ్చే వీలును పాఠ్యప్రణాళికా మండళ్లు పరిశీలించాలి. సికిల్ సెల్, తలసేమియా, హీమోఫీలియా, మానసిక అనారోగ్యం వంటివి ఉన్నవారికి ఆసుపత్రి కాగితం చూపిన రోజులను హాజరు లెక్కలోంచి తీసేయాలి, తప్పిన ఇంటర్నల్‌ను మరో రోజు పెట్టాలి.

40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నవారిని వెనక్కి పంపకూడదు. 2025లో పింఛన్ల కోసం జరిగిన పునఃపరిశీలనలో రాష్ట్రంలో ఎందరికో శాతం తగ్గిందని నోటీసులు అందాయి. పింఛను సంగతి వేరు, పరీక్ష సంగతి వేరు. శాతం తగ్గిన కాగితం చూపి స్క్రైబ్‌ను నిరాకరిస్తే అది సుప్రీంకోర్టు తీర్పుకు విరుద్ధమని గుర్తుచేస్తున్నాం. అనకాపల్లి ఎన్టీఆర్ ఆసుపత్రిలోనూ విశాఖ కేజీహెచ్‌లోనూ విద్యార్థుల సదరం పరీక్షలకు ప్రవేశాల నెలల్లో ప్రత్యేకంగా రోజులు కేటాయించాలని జిల్లా కలెక్టర్లను కోరుతున్నాం.

భవనాల గురించి క్లుప్తంగా: కళాశాలలకు గ్రేడ్లిచ్చే నాక్ బృందం వస్తుందని కట్టిన ర్యాంపు ఆఫీసు గదికి మాత్రమే వెళ్తే చాలదు. తరగతికి, గ్రంథాలయానికి, మరుగుదొడ్డికి వెళ్లాలి. లిఫ్టు లేని కళాశాలలో దివ్యాంగ విద్యార్థి ఉన్న సెక్షన్‌ను కింది అంతస్తుకు మార్చాలి. అది టైం టేబుల్‌లో ఒక గీత మార్చినంత పని.

ఈ సభ ఇతరులను కోరి ఊరుకోవడం లేదు. అచ్యుతాపురం, పరిసర మండలాల నుంచి తెలుగు చక్కగా రాయగల స్వచ్ఛంద స్క్రైబ్‌ల జాబితాను తయారుచేసి విశ్వవిద్యాలయానికి అందిస్తాం. సభకు వచ్చిన డీటీపీ సెంటర్ల యజమానులు తమ దగ్గరున్న డిగ్రీ నోట్సును యూనికోడ్‌కు మార్చి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. చూడటానికి చిన్నదైనా ఈ సభలో మాకు అన్నిటికంటే ధైర్యమిచ్చినది ఆ మాటే. కంపెనీల చట్టం, 2013 ప్రకారం సామాజిక బాధ్యత కింద నిధులు ఖర్చు చేయవలసిన సెజ్ పరిశ్రమలు ఆ డబ్బులో కొంత భాగంతో స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటర్లు, బ్రెయిలీ ప్రింటరు, సైగభాషా దుబాసీల శిక్షణ సమకూర్చాలని కోరుతూ వాటి యాజమాన్యాలకు విడిగా లేఖలు రాస్తాం.

ఈ తీర్మానం అమలును చూడటానికి ఏడుగురితో ఒక కమిటీ ఉండాలని సభ నిర్ణయించింది. అందులో కనీసం నలుగురు ప్రస్తుతం చదువుతున్న దివ్యాంగ విద్యార్థులే ఉండాలి, వారిలో ఇద్దరు అమ్మాయిలు ఉండాలి. ప్రతులను ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతికి, రిజిస్ట్రార్‌కు, పరీక్షల విభాగానికి, అనుబంధ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, అనకాపల్లి, విశాఖపట్నం జిల్లాల కలెక్టర్లకు, రాష్ట్ర ఉన్నత విద్యామండలికి, యూజీసీకి పంపాలి. వచ్చే సెమిస్టర్ పరీక్షల ఫీజు నోటిఫికేషన్ వెలువడే నాటికి రాతపూర్వక జవాబు రాకపోతే, చట్టంలోని 80వ సెక్షన్ కింద రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపే అధికారాన్ని కమిటీకి ఇస్తున్నాం. తీర్మానాన్ని సభలో బిగ్గరగా చదివి, సైగభాషలో వివరించి, సవరణలు చేర్చిన తరువాత సభ్యులందరూ ఆమోదించారు. ప్రతులు అచ్చులోను, బ్రెయిలీలోను, యూనికోడ్ ఫైలుగాను లభిస్తాయి.